తెర మీదికి వచ్చినప్పుడే కదలిక: వెబ్‌పేజీ యానిమేషన్ల చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- స్క్రోల్ ఈవెంట్ పద్ధతిలోని లోపాన్ని వివరించగలుగుతారు.
- ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ తెచ్చిన మార్పును తెలుపగలుగుతారు.
- కదలికల వల్ల పాఠకులకు కలిగే ఇబ్బందులను గుర్తించగలుగుతారు.

1.1 విషయ పరిచయం

వెబ్‌పేజీని కిందికి జరుపుతుంటే ఒక బొమ్మ పక్క నుంచి రావడం, ఒక పేరా మెల్లగా తేలి కనిపించడం మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మ తెర మీదికి వచ్చిన సంగతి పేజీకి ఎట్లా తెలుస్తుంది? ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి వెబ్‌కు రెండు దశాబ్దాలు పట్టింది.

1.2 పదేపదే అడిగే పద్ధతి

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ భాషను రూపొందించాడు. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ లైబ్రరీ దాని వాడకాన్ని సులభం చేసింది. పాఠకుడు పేజీని జరిపినప్పుడల్లా బ్రౌజర్ 'స్క్రోల్ ఈవెంట్' అనే సంకేతం ఇస్తుంది. సంకేతం అందిన ప్రతిసారీ కోడ్ ఒక్కొక్క అంశం ఎక్కడుందో కొలిచి, తెరలోకి వచ్చినదానికి యానిమేషన్ మొదలుపెట్టేది.

సాధారణంగా తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో మార్పుకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లే. ఆలోగా కొలతలు పూర్తికాకపోతే పేజీ కుదుపులతో కదులుతుంది. 2011 జనవరిలో ట్విటర్ పేజీ స్క్రోల్ చేయలేనంత మందగించినప్పుడు రెసిగ్ ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. ఈవెంట్ వచ్చినప్పుడు 'పేజీ కదిలింది' అని మాత్రమే గుర్తుపెట్టుకుని, అసలు పనిని 250 మిల్లీసెకన్లకు ఒకసారి చేయాలని సూచించాడు. ఇది ఉపశమనమే కాని పూర్తి పరిష్కారం కాదు.

ఇంతలో గిరాకీ పెరిగింది. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన 'స్నో ఫాల్' కథనం, చదువుతున్నకొద్దీ కదిలే చిత్రాలతో ఎందరినో ఆకర్షించింది. స్క్రోల్‌మ్యాజిక్ వంటి లైబ్రరీలు వచ్చాయి.

1.3 బ్రౌజరే చెప్పే పద్ధతి

కొత్త ఊరికి బస్సులో వెళ్లే ప్రయాణికుడు నిమిషానికోసారి 'మా ఊరు వచ్చిందా?' అని అడిగితే కండక్టరు పని సాగదు. 'వచ్చినప్పుడు చెప్పండి' అని కూర్చుంటే ఇద్దరికీ సుఖం. ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ చేసింది ఇదే. ఏ అంశాన్ని గమనించాలో, అది ఎంత భాగం కనిపిస్తే కబురు కావాలో డెవలపర్ ముందే చెబుతాడు. మిగతాది బ్రౌజర్ చూసుకుంటుంది. ప్రకటనలు నిజంగా తెర మీద కనిపించాయా అని లెక్కించే అవసరం కూడా దీని పుట్టుకకు ఒక కారణం. ఇది 2016లో క్రోమ్ 51లో, 2017లో ఫైర్‌ఫాక్స్ 55లో, 2019లో సఫారీ 12.1లో అందుబాటులోకి వచ్చింది. 2023లో క్రోమ్ 115తో జావాస్క్రిప్ట్ లేకుండా, సి.ఎస్.ఎస్. ద్వారానే స్క్రోల్‌తో యానిమేషన్‌ను ముడిపెట్టే వీలు కలిగింది.

1.4 పాఠకుడి ఇబ్బంది

వేగం సమస్య తీరినా మరొకటి మిగిలింది. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిన్నవారికి తెర మీది కదలికలతో తల తిరుగుతుంది, వికారం కలుగుతుంది. 2013లో ఐఓఎస్ 7 విడుదలైనప్పుడు ఇటువంటి ఫిర్యాదులు వచ్చాయి. 'నాకు కదలికలు తగ్గించండి' అని పాఠకుడు పరికరంలో ఎంచుకుంటే పేజీ దానిని గుర్తించే ఏర్పాటు 2017లో సఫారీలో మొదలైంది. 2018 నాటి డబ్ల్యు.సి.ఎ.జి. 2.1 మార్గదర్శకాలు కూడా, అవసరం లేని కదలికలను ఆపుకొనే వీలుండాలన్న అంశాన్ని చేర్చాయి.

ఇంకో ప్రమాదం ఉంది. యానిమేషన్ కోసం పేరాను ముందే దాచిపెట్టినప్పుడు, బలహీనమైన నెట్‌వర్క్‌లో కోడ్ చేరకపోతే ఆ పేరా ఎప్పటికీ కనిపించదు. అలంకారం కోసం విషయాన్నే పోగొట్టుకున్నట్లవుతుంది.

1.5 సారాంశం

పేజీ పదేపదే అడగడం నుంచి బ్రౌజరే తెలియజేయడం వరకు సాగిన మార్పు ఈ చరిత్రలో ప్రధానమైనది. అంతకన్నా ఆలస్యంగా వచ్చిన ప్రశ్న, కదలిక పాఠకుడికి కావాలా అన్నది. రెండో ప్రశ్నకు జవాబును బ్రౌజర్ ఇవ్వలేదు; పాఠకుడే ఇవ్వాలి, డెవలపర్ దానిని గౌరవించాలి.

1.6 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. స్క్రోల్ ఈవెంట్ పద్ధతిలో పేజీ ఎందుకు మందగించేది?
2. ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ పనితీరును సోదాహరణంగా వివరించండి.
3. యానిమేషన్ల వాడకంలో పాఠకుడి సౌకర్యానికి ఉన్న ప్రాధాన్యాన్ని చర్చించండి.