బాస్ చేపల వృత్తి పోటీలు
అమెరికా జలాశయాల్లో బాస్ చేపను గాలంతో పట్టే క్రీడ. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో రే స్కాట్ పెట్టిన పోటీతో దీనికి ఊపొచ్చింది. 1971లో లేక్ మీడ్‌లో బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పెద్ద పోటీని తొలిసారి జరిపినప్పుడు గెలిచిన బాబీ ముర్రేకు 10,000 డాలర్లు దక్కాయి.

కొత్తవారు క్లబ్బుల్లో, కాలేజీ జట్లలో చేయి తిరిగాక బాస్‌మాస్టర్ ఓపెన్స్ అనే అర్హత పోటీల్లో దిగుతారు; అక్కడ రాణిస్తే పై స్థాయి ఎలీట్ సిరీస్‌లో చోటు. పడవ, ప్రయాణం, ప్రవేశ రుసుము అన్నీ తడిసి మోపెడవుతాయి గనుక చాలామందికి స్పాన్సర్లే దిక్కు.

పోటీల్లో బతికున్న ఎర వాడకూడదు. ప్లాస్టిక్ వానపాములు, చెక్క, లోహపు ఎరలు వంటి కృత్రిమ ఎరలే వాడాలి. సాధారణంగా రోజుకు అయిదు చేపల తూకమే లెక్క. వాటిని పడవలోని నీటితొట్టిలో ప్రాణాలతో తేవాలి, చచ్చినదానికి తూకంలో కోత పడుతుంది. తూచాక నీళ్లలో వదిలేస్తారు.