కొమ్మమూరు కాలువలో మన వాటా ఎంత?

గుంటూరు, ప్రకాశం చరిత్ర అంటే పత్తి, మిర్చి, పొగాకు అనే చెప్తారు. ఆ పొలాల పక్కన పారే కొమ్మమూరు కాలువ కథలో యానాదులు, ఎరుకలోళ్లు, లంబాడీలు ఎక్కడున్నారో ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చి లక్ష మందికి పైగా పోయారు. ఆ తర్వాత కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కుడి గట్టున సీతానగరం దగ్గర బయల్దేరిన కాలువ దుగ్గిరాల దగ్గర చీలుతుంది. ఆ చీలికల్లో ఒకటి కొమ్మమూరు. 113 కిలోమీటర్లు పారి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువని కలుస్తుంది. అక్కణ్ణుంచి మద్రాసు దాకా ఒకప్పుడు పడవ దారి. 1876-78 ధాతు కరువులో ఆకలి కూలీలతో మద్రాసులో 8 కిలోమీటర్ల ముక్క తవ్వించి, కాలువకి గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. తవ్వినోళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

పైరుకి నీళ్లొచ్చాయి, మంచిదే. కానీ కోస్తా ఉప్పుని గాడిదలు, ఎద్దుల మీద లోపలి ఊళ్లకి మోసి ధాన్యం తెచ్చుకునే ఎరుకల, లంబాడీల బేరం దెబ్బతింది. రైళ్లు, పడవలు, సర్కారు ఉప్పు విధానం కలిసి దాన్ని కూల్చాయి. బతుకు పోయినోళ్లకి దొంగలని ముద్ర వేశారు. 1911 నేరస్థ తెగల చట్టంతో ఎరుకలోళ్లని స్టూవర్టుపురంలో, కాలువ తల దగ్గరి సీతానగరంలో సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లోనే.

యానాదులకి మాత్రం కాలువ తిండి పెట్టింది. కాలువలో చేప, గట్టు మీద ఎలుక. పొలాల్లో ఎలుకలు పట్టడానికి రైతులే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ తిండికే ముప్పొచ్చింది.

ఫ్యాక్టరీ విషం గొట్టంలోంచి వస్తుందనుకుంటాం. మన దగ్గర అది డబ్బాల్లో కూడా వస్తుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే రైతులు మందు మీద మందు కొట్టారు, అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నారు. కొట్టిన మందు వానకి కొట్టుకొచ్చి చేరేది మురుగు కాలువల్లోకే. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు ఆపింది 2011లో. ఊళ్ల మురుగు దీనికి తోడు. ఎండాకాలం పై నుంచి నీళ్లు ఆపితే మురుగు కదలక నిలుస్తుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేప తేలుతుంది. ఇదే నీటి దారి దక్షిణాన, ఎన్నూరు దగ్గర, 2023 డిసెంబరు తుఫాను వరదలో చమురు బకింగ్‌హామ్ కాలువలోకి దిగి, వాగులో వేటకెళ్లే జాలర్ల బతుకు ఆగిపోయింది.

గుంటూరు నగరం కూడా సంగం జాగర్లమూడి దగ్గర కొమ్మమూరు నీళ్లే తీసుకుంటుంది. నగరానికి ఆ నీళ్లు శుద్ధిచేసి ఇస్తారు. గట్టు మీద గుడిసెకి ఎవరిస్తారు? కలుషితం కాని నీళ్లు జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1974 నీటి కాలుష్య చట్టం ఉంది, 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మీ ఊరి దగ్గర నీటి పరీక్ష ఎప్పుడు చేశారో, ఏం తేలిందో కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడగండి.

ఇంకో పని కూడా ఉంది. మీ తాతని, అమ్మమ్మని కూర్చోబెట్టి, ఏ చేప ఎక్కడ దొరికేదో, ఏ ఏడు నుంచి కనపడటం మానేసిందో రాసుకోండి. కాలువ తవ్వినప్పుడు మన పేరు రాయలేదు. అది పాడైన లెక్కయినా మన చేత్తో రాద్దాం.