కళ్ళద్దాల చరిత్ర - పరీక్షించేవారి బాధ్యత

నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని మనవాళ్ళు చత్వారం అంటారు. ఖురాన్ షరీఫ్ చదువుకునే పెద్దలకూ, జర్దోసీ పని చేసుకునే అక్కచెల్లెళ్ళకూ ఇది నిత్యం ఎదురయ్యే ఇబ్బందే. దీనికి అద్దాలు తేలికైన ఉపాయం. కాని అద్దాలు చేతికిచ్చినంత మాత్రాన సరిపోతుందా? పరీక్ష సరిగా జరగాలి, పరీక్షించినవారు విషయం విప్పి చెప్పాలి. ఇది ఈనాటి కొత్త మాట కాదు.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే వైద్యుడుండేవారు. ఆయన క్రైస్తవుడు, అయినా ఖలీఫాల ఆదరణ పొందారు. కంటి గురించి ఆయన పది ప్రకరణాల గ్రంథం రాశారు. తర్వాత 12వ శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ రాసిన హిస్బా గ్రంథం ఒక నియమం చెబుతుంది: బజారు వ్యవహారాలను తనిఖీ చేసే ముహ్‌తసిబ్, కంటివైద్యులను హునైన్ గ్రంథంలోని విషయాలపై పరీక్షించాలి. కంటి పొరలు, వ్యాధులు, మందుల తయారీ తెలిసినవారికే వైద్యం చేసే అనుమతి. వీధుల్లో తిరిగే కంటివైద్యులను నమ్మవద్దని కూడా ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. అంటే రోగి కన్ను చూసేవాడి పనిని ఇంకొకరు చూడాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట!

బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసం 11వ శతాబ్దం తొలినాళ్ళలో కైరోలో ‘కితాబుల్ మనాజిర్’ రాశారు. కంటి నుంచి కిరణాలు బయలుదేరవనీ, వస్తువుల నుంచి వెలుగు కంటిని చేరితేనే చూపు కలుగుతుందనీ నిరూపించారు. ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి యూరప్ పండితులకు దారి చూపింది. కళ్ళద్దాలు మాత్రం 1286 ప్రాంతంలో ఇటలీలో పుట్టాయి. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు జనం అంగడిలో అద్దాలు పెట్టుకు చూసి, నచ్చినవి కొనుక్కునేవారు. 1862లో హాలెండులోని ఉట్రెక్ట్‌లో స్నెల్లెన్ అక్షరాల పట్టికను రూపొందించారు. 1864లో ఆయన గురువు డాండర్స్ దృష్టిదోషాలపై పెద్ద గ్రంథం వెలువరించారు. అప్పటి నుంచి అద్దాల నంబరు కొలతకు లొంగింది.

మన దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వెలసింది. పల్లెల్లో దృష్టి కేంద్రాలు పెట్టి, స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం కంటివెలుగు ప్రారంభించి ఉచితంగా పరీక్షలు చేయించి, అద్దాలు పంచింది.

ఇక అసలు చిక్కు. ఉచితంగా వచ్చిన అద్దాలు పెట్టెలో పడివుంటే ప్రయోజనమేమిటి? నంబరు తప్పితే తలనొప్పి. నంబరు సరిగానే ఉన్నా, మొదట్లో కొన్నాళ్ళు తేడాగా ఉంటుందని ఎవరూ చెప్పకపోతే పెద్దవాళ్ళు తీసి పక్కన పెడతారు. ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావని తల్లి భయపడుతుంది. ఇదంతా సిబ్బంది నోటిమాటతో తీరవలసినదే. అయితే వారికి ఆ మాట నేర్పేదెవరు? శిబిరం ముగిశాక పెద్ద డాక్టరు సిబ్బందితో కూర్చుని, తిరిగొచ్చిన అద్దాలను ఒక్కొక్కటే ముందు పెట్టి, తప్పెక్కడ జరిగిందో కోప్పడకుండా చర్చించాలి. నంబరులోనా, ఫ్రేములోనా, చెప్పిన తీరులోనా? కోప్పడితే తప్పు దాగుతుంది, చర్చిస్తే దిద్దుకుంటుంది.

మన సొసైటీలు కంటి శిబిరం పెట్టినప్పుడు ఎన్ని జతలు పంచామన్న లెక్కతో ఆగరాదు. మూడు నెలల తర్వాత ఎందరు పెట్టుకుంటున్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగి, ఆ లెక్కను పరీక్షించినవారికి అందజేయాలి. ఆనాటి ముహ్‌తసిబ్ బాధ్యత నేడు మనందరిదీ.