దలా డాక్‌యార్డులో సింధూరం

రంగూన్‌ను మన కోస్తా పల్లెల్లో 'రంగం' అనేవారు. ఆ రంగానికి నది అవతలి ఒడ్డు దలా. టేకు చెక్క ఓడలు కట్టిన ఊరే తర్వాత ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ స్టీమర్లకు డాక్‌యార్డు అయింది. 1865లో మొదలైన ఈ కంపెనీ మంచి రోజుల్లో 600కు పైగా పడవలు నడిపింది. చాలా స్టీమర్లను స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ వాళ్ళు తయారుచేసేవారు. విడిభాగాలుగా ఓడల్లో వస్తే ఇక్కడ రివెట్లు కొట్టి నిలబెట్టేవారు.

అసలు పని ఆ తర్వాతే. ఇనుముకు నీరూ, గాలీ రెండూ అందితే తుప్పు. అందుకే ఎప్పుడూ నీళ్ళలో ఉండే అడుగుభాగం కన్నా, తడిసి ఆరి మళ్ళీ తడిసే నీటిమట్టం పట్టీ ముందు పాడవుతుంది. దానికి తోడు ఎండాకాలంలో ఐరావతి ఇసుక మేటల మీద అడుగు ఒరుసుకుంటే రంగు చెక్కుకుపోతుంది.

ఆ కాలపు ఇనప ఓడలకు మొదటి పూత రెడ్ లెడ్. అంటే మన సింధూరమే, సీసపు ఆక్సైడు. అవిసె నూనెలో కలిపి పూస్తే నూనెతో చర్య జరిపి సీసపు సబ్బులు ఏర్పడతాయి. పొర గట్టిగా అంటుకుంటుంది, ఇనుము మీద తుప్పు మొదలవకుండా ఆపుతుంది. ఇప్పుడు మన గేట్లకు వేసే రెడ్డాక్సైడు వేరు, అది ఇనుము ఆక్సైడు. రెండూ ఎరుపు ఛాయలే అయినా గుణం ఒకటి కాదు.

అయితే ఎంత మంచి పూతైనా తుప్పు మీద వేస్తే నిలవదు. కొత్త రేకు మీద ఉండే నల్లటి పొలుసును కూడా గీకేయాలి. అది పగిలిన చోట బయటపడ్డ ఇనుమును మిగతా పొలుసే త్వరగా తినేయిస్తుంది. యంత్రాలు రాకముందు ఈ పని సుత్తితో, వైరు బ్రష్షుతో చేసేవారు. పాత పూత గీకితే లేచే ధూళి సీసం. అది ఊపిరితో లోపలికి పోతుంది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్ల సీసం మీద ఒప్పందం చేసింది కానీ, అది ఇళ్ళ లోపలి పెయింటింగు గురించి. ఓడల సింధూరం దాని పరిధిలో లేదు.

రంగూన్ రేవు కూలీల్లో మనవాళ్ళు చాలామంది. కాకినాడ పక్కన ఉన్న కోరంగి పేరుమీద అక్కడ వాళ్ళను 'కోరంగీలు' అనేవారు. 1930 మేలో వాళ్ళు జీతాల కోసం సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనికి వచ్చిన రోజున మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు.

1942లో జపాన్ సైన్యం వచ్చింది. శత్రువు చేతికి చిక్కకూడదని కంపెనీ తన స్టీమర్లను తానే ముంచేసుకుంది. వేలమంది మనవాళ్ళు కాలినడకన ఇండియా దారి పట్టారు. 1948లో బర్మా ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది.

స్టీమర్ల పేర్లు, పొడవులు, కట్టిన సంవత్సరాలు పుస్తకాల్లో ఉన్నాయి. సుత్తి పట్టినవాళ్ళ పేర్లు లేవు. పూత పనికి గుర్తు మిగలదు. బాగా చేస్తే ఏమీ జరగదు, అంతే. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన ముత్తాతల కబుర్లు ఏమైనా ఉంటే, ఏ రేవులో ఏ పని చేశారో అడిగి రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.