చట్టానికి ముందూ, చట్టానికి వెనుకా: ‘మాలపిల్ల’ నుండి ‘కహి దేబే సందేశ్’ వరకు

భారతీయ సమాజంలో వివాహం ఇద్దరు వ్యక్తులకు మాత్రమే సంబంధించిన విషయంగా ఏనాడూ పరిగణింపబడలేదు. వధూవరుల ఇష్టానికంటే కుటుంబ గౌరవానికీ, కుటుంబ గౌరవానికంటే కులాచారానికీ ఎక్కువ విలువ లభించింది. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే మాట తెలుగునాట ఏ శాసనానికీ తీసిపోని బలంతో అనేక పెండ్లిళ్ళను జరిపించింది, అనేక పెండ్లిళ్ళను ఆపింది. ఆ నలుగురి సమ్మతి లేని వివాహాన్ని కథావస్తువుగా గ్రహించిన చలనచిత్రాలలో రెండు ప్రత్యేకంగా పరిశీలింపదగినవి. మొదటిది 1938లో వెలువడిన తెలుగు చిత్రం ‘మాలపిల్ల’. రెండవది 1965లో రాయపూర్ ప్రాంతంలో రూపొందిన తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం ‘కహి దేబే సందేశ్’. ఈ రెంటి నడుమ గడచిన 27 సంవత్సరాలలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం అమలులోకి వచ్చింది, వివాహ చట్టాలు సమూలంగా మారాయి. కాని వర్ణాంతర వివాహాన్ని తెరపై చూపడానికి మాత్రం 1965లో కూడా 1938లో వలెనే సాహసం అవసరమైంది.

తెలుగు టాకీ ప్రారంభ సంవత్సరాలలో పౌరాణిక కథలదే ఆధిక్యం. రంగస్థలంపై ప్రసిద్ధి పొందిన పద్యనాటకాలే తెరకెక్కేవి. ఆ స్థితిలో ‘ప్రజామిత్ర’ పత్రికను నడిపిన గూడవల్లి రామబ్రహ్మం సమకాలిక సమస్యను ఎన్నుకొని ‘మాలపిల్ల’కు దర్శకత్వం వహించారు. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో ఏర్పడిన సారథి సంస్థ దీనిని నిర్మించింది. కథ గుడిపాటి వెంకటచలానిది. సంభాషణల రచనలో తాపీ ధర్మారావు వ్యావహారిక భాషను వాడడం ఆనాటికి కొత్త విషయం. కాంచనమాల నాయిక పాత్రను, గోవిందరాజుల సుబ్బారావు సనాతనుడైన సుందరరామయ్య పాత్రను ధరించారు. ఆలయ ధర్మకర్త కుమారుడు నాగరాజు హరిజన కన్య శంపాలతను ప్రేమించడం, ఊరు వారిని అంగీకరింపకపోవడం, వారు కలకత్తాకు వెళ్ళిపోవడం, హరిజనులు ఆలయ ప్రవేశానికి ఉద్యమించడం ఇందలి ప్రధాన ఘట్టాలు. తిరువాన్కూరు మహారాజు 1936 నవంబరు 12న ఆలయ ప్రవేశ ప్రకటన చేసి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టబద్ధత కల్పించిన శాసనం 1939లో గాని రాలేదు. కనుక ఈ చిత్రం తన రాష్ట్రపు చట్టానికంటే ముందు నడిచిందనడంలో అతిశయోక్తి లేదు.

వివాహం విషయంలోనూ పరిస్థితి అదే. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం వివాహమాడదలచిన హిందువులు తాము హిందూ మతాన్ని అవలంబించడం లేదని ప్రకటించవలసి వచ్చేది. సాగర్‌లో జన్మించి, మధ్య పరగణాల ప్రతినిధిగా కేంద్ర శాసనసభలో పనిచేసిన న్యాయవేత్త హరిసింగ్ గౌర్ కృషి ఫలితంగా 1923లో ఆ చట్టానికి సవరణ జరిగింది. హిందువులు తమ మతాన్ని కాదనకుండానే కులాంతర వివాహాన్ని నమోదు చేసుకొనే అవకాశం దానితో కలిగింది. అయితే ఆ అవకాశానికి మూల్యం ఉంది. ఆ చట్టం కింద వివాహమాడిన వ్యక్తి ఉమ్మడి కుటుంబం నుండి విడిపోయినట్లే లెక్క. అతనికి దత్తత స్వీకరించే హక్కు ఉండదు. పైగా అతని తండ్రికి వేరొకరిని దత్తత చేసుకొనే హక్కు కలుగుతుంది. అనగా వంశం దృష్టిలో ఆ కుమారుడు లేనట్లే. శాస్త్రోక్తంగా జరిగే కులాంతర వివాహాలకు సర్వత్ర చెల్లుబాటు కల్పించిన హిందూ వివాహాల చెల్లుబాటు చట్టం 1949లో వచ్చింది. నాగరాజు, శంపాలతలు నిజజీవితంలోని వ్యక్తులైతే 1938లో వారి ముందున్న మార్గాలు ఎంత ఇరుకైనవో దీనివల్ల తెలుస్తుంది.

‘మాలపిల్ల’లోని పరిష్కారాన్ని చరిత్ర విద్యార్థి నిశితంగా చూడవలసి ఉంది. సుందరరామయ్య మనసు వాదంతో మారదు. అగ్నిప్రమాదంలో చిక్కుకున్న అతని భార్యను హరిజనుడు రక్షించిన తరువాతనే అతనిలో పరివర్తన కలుగుతుంది. కథాసంవిధానానికి ఇది సులువైన మార్గమే. కాని మనిషిగా గుర్తింపు పొందడానికి అస్పృశ్యుడు ముందుగా ఒక ఉపకారం చేసి తీరాలన్న భావన ఇందులో దాగి ఉంది. సంస్కరణోద్యమం ఆనాడు సవర్ణుల దయను అర్థించిన తీరుకు ఇది ప్రతిబింబం. సమానత్వాన్ని హక్కుగా ప్రకటించిన రాజ్యాంగం ఇంకా పన్నెండేళ్ళ దూరంలో ఉంది.

రెండవ చిత్రం పుట్టిన ప్రాంతం తెలుగువారికి పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి విజయనగరం–రాయపూర్ మార్గం 1931 నాటికి పూర్తికావడంతో ఉత్తర కోస్తా జిల్లాలకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి. రైల్వే కొలువుల కోసం, కూలి పనుల కోసం, వ్యాపారం కోసం తెలుగు కుటుంబాలు రాయపూర్ చేరాయి. రైల్వే స్టేషనుకు ఒకవైపు పాత నగరం ఉండగా, పట్టాలకు ఆవలివైపున గుఢియారీ ఉంది. ఇటువంటి పేటలలో వేర్వేరు కులాల వారు, వేర్వేరు భాషల వారు ఇరుగుపొరుగులుగా నివసిస్తారు. పనిచేసేచోట, బజారులో, టాకీసులో పాత కట్టుబాట్లు కొంత సడలుతాయి. సంబంధం కలుపుకొనే వేళకు మాత్రం ప్రతి కుటుంబమూ తన సొంత ఊరి వైపు, తన సొంత కులం వైపు చూస్తుంది. వలస వెళ్ళినవారి వెంట ‘నలుగురు’ కూడా వలస వెళ్తారనడానికి ఇది నిదర్శనం.

‘కహి దేబే సందేశ్’ నిర్మాత, దర్శకుడు మను నాయక్ రాయపూర్ సమీప గ్రామంలో పుట్టి, ఉపాధి కోసం బొంబాయి చేరి అక్కడి చిత్రపరిశ్రమలో పనిచేసినవారు. 1963లో విడుదలైన తొలి భోజ్‌పురీ చిత్రం విజయం సాధించడంతో, తన మాతృభాషలోనూ చిత్రం తీయవచ్చునన్న ఆలోచన ఆయనకు కలిగింది. చిత్రీకరణ పలారీ గ్రామంలో జరిగింది. పాటలు రచించిన డాక్టర్ హనుమంత్ నాయుడు పేరు తెలుగు పాఠకుల దృష్టిని ఆకర్షిస్తుంది. మలయ్ చక్రవర్తి సంగీతంలో మహమ్మద్ రఫీ, మన్నా డే, మహేంద్ర కపూర్, సుమన్ కల్యాణ్‌పుర్ వంటి ప్రసిద్ధ గాయకులు ఛత్తీస్‌గఢీలో పాడారు. పల్లెటూరి నేపథ్యంలో సాగే ఈ నలుపు-తెలుపు చిత్రంలో అస్పృశ్యంగా భావింపబడిన కులానికి చెందిన యువకుడు, బ్రాహ్మణ యువతి పరస్పరం ప్రేమించుకుంటారు.

ఇక్కడొక ముఖ్యమైన భేదం గమనార్హం. ‘మాలపిల్ల’లో వరుడు అగ్రవర్ణుడు, వధువు హరిజన కన్య. ధర్మశాస్త్ర పరిభాషలో ఇది అనులోమం. ఛత్తీస్‌గఢీ చిత్రంలో వధువు అగ్రవర్ణ స్త్రీ. ఇది ప్రతిలోమం. ప్రాచీన స్మృతికారులు మొదటిదానిని కొంత సహించినా రెండవదానిని తీవ్రంగా గర్హించారు. కుల గౌరవమంతా కుమార్తె వివాహంపై ఆధారపడి ఉన్నదని భావించే సమాజంలో ప్రతిలోమం రేకెత్తించే ఆగ్రహం సహజంగానే ఎక్కువ. పైగా ఛత్తీస్‌గఢ్ గురు ఘాసీదాస్ బోధనలతో సత్‌నామీ ఉద్యమం విస్తరించిన నేల. కుల వివక్షను ధిక్కరించే స్వరం అక్కడ పంతొమ్మిదవ శతాబ్ది నుండే వినిపిస్తున్నది. ప్రతిఘటనకు చరిత్ర ఉన్నచోట చిత్రం చేసిన సూచన మరింత సూటిగా తగిలింది.

చిత్రం విడుదలకు ముందే అలజడి చెలరేగింది. తమ వర్గాన్ని అవమానించారని కొందరు అభ్యంతరం తెలిపారు, ప్రదర్శనను అడ్డుకుంటామని హెచ్చరించారు. రాయపూర్‌లో ముందు అనుకున్న టాకీసు వెనుకడుగు వేయడంతో 1965 ఏప్రిల్‌లో దుర్గ్ పట్టణంలో తొలి ప్రదర్శన జరిగింది. లోక్‌సభ సభ్యురాలు మినీమాత వంటి నాయకులు చిత్రానికి అండగా నిలిచారు. సత్‌నామీ గురు కుటుంబానికి చెందిన ఆమె అస్పృశ్యతకు వ్యతిరేకంగా నిరంతరం కృషి చేసిన వ్యక్తి. నాటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి ఇందిరాగాంధీ చిత్రంలో కొంత భాగం చూసి, అది జాతీయ సమైక్యతకు తోడ్పడుతుందని అభిప్రాయపడ్డారు. దానితో వివాదం చల్లబడింది. వినోదపు పన్ను మినహాయింపు లభించడంతో చిత్రానికి ఆదరణ పెరిగింది.

ప్రభుత్వాధికారం ఏ వైపు నిలిచిందన్న అంశం ఈ చరిత్రలో కీలకమైనది. ‘మాలపిల్ల’ తరువాత రామబ్రహ్మం 1939లో తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహానికి గురై కొన్ని ప్రాంతాలలో నిషేధింపబడింది. ‘శాంతిభద్రతలు’ అన్న మాట అక్కడ బలవంతులకు కవచమైంది. 1965లోనూ అదే మాటను ఆధారం చేసుకొని ఛత్తీస్‌గఢీ చిత్రాన్ని ఆపివేసే అవకాశం అధికారులకు ఉండింది. చిత్రం ఆగకపోవడానికి కారణం కొత్త చట్టమేదీ కాదు. ఉన్న చట్టానికి బాసటగా కొందరు ప్రజాప్రతినిధులు మాట్లాడడమే. 1954 ప్రత్యేక వివాహ చట్టం, 1955 నాటి హిందూ వివాహ చట్టం, అదే సంవత్సరపు అస్పృశ్యతా నేరాల చట్టం అన్నీ అప్పటికే అమలులో ఉన్నాయి. 1938లో చట్టం చిత్రానికి వెనుక నడిచింది. 1965 నాటికి చట్టం ముందుకు సాగిపోయి, ప్రేక్షక సమాజం వెనుక మిగిలింది.

చట్టం కూడా పూర్తిగా ముందుకు రాలేదన్న సంగతి మరువరాదు. ఉమ్మడి కుటుంబం నుండి విడిపోయినట్లు లెక్కించే పాత నియమం 1954 చట్టంలోనూ కొనసాగింది. ఉభయులూ హిందువులైన పక్షంలో అది వర్తించదన్న సవరణ 1976లో గాని రాలేదు. ఆ చట్టం కింద వివాహమాడదలచినవారు ముందుగా నోటీసు ఇవ్వాలి. దానిని వివాహాధికారి కార్యాలయంలో బహిరంగంగా ప్రదర్శిస్తారు. 30 రోజుల లోపల ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. మోసాన్ని అరికట్టడానికి ఉద్దేశించిన ఈ నియమం, ఇంటినుండి తప్పించుకొని వచ్చిన జంట జాడను వారి విరోధులకు తెలిపే సాధనంగా మారే ప్రమాదముంది. అనగా ‘నలుగురు’ ప్రభుత్వ కార్యాలయపు గోడమీద కూడా చోటు సంపాదించుకున్నారు.

ఇద్దరు వయోజనులు వివాహమాడదలచినప్పుడు కుటుంబ సమ్మతి గాని, కుల సమ్మతి గాని అవసరం లేదని సర్వోన్నత న్యాయస్థానం 2018 మార్చిలో విస్పష్టంగా ప్రకటించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణలోని మిర్యాలగూడలో అగ్రవర్ణ యువతిని వివాహమాడిన దళిత యువకుడు పట్టపగలు హత్యకు గురయ్యాడు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం దోషులకు శిక్షలు విధించింది. తీర్పుకూ హత్యకూ నడుమ ఉన్న ఆరు నెలల వ్యవధి, చట్టానికీ సమాజానికీ నడుమ ఉన్న దూరాన్ని కొలిచి చూపుతున్నది.

ఈ దూరాన్ని చలనచిత్రం ఒక్కటే తగ్గించలేదు. అయితే శాసనం చేయలేని ఒక పనిని అది చేయగలదు. చీకటి హాలులో పక్కపక్కన కూర్చున్న వేర్వేరు కులాల ప్రేక్షకులు కొంతసేపైనా ఒకే జంట క్షేమాన్ని కోరుకుంటారు. 1965లో బెదిరింపులకు లొంగి ఆ చిత్రాన్ని ఆపివేసి ఉంటే, ఛత్తీస్‌గఢీ భాష తన తొలి చిత్రంతోనే మౌనాన్ని నేర్చుకొని ఉండేది. ఒక ప్రదర్శనకు రక్షణ కల్పించడం, ఒక నమోదును ఆలస్యం చేయకపోవడం, ఆశ్రయం కోరిన జంటను తిప్పి పంపకపోవడం పాలనా యంత్రాంగం చేయగలిగిన చిన్న పనులు. రాజ్యాంగం ఇచ్చిన హామీ పౌరుని గడప వరకు చేరుతుందో లేదో తేలేది ఇటువంటి పనులలోనే.