సబ్‌ప్యానెల్ (విడి వర్క్‌షాపు)

ఇంటి ప్రధాన ప్యానెల్ నుంచి ఫీడర్ ద్వారా కరెంటు అందుకునే ఉప పంపిణీ పెట్టె. అమెరికాలో ఇంటికి విడిగా కట్టిన వర్క్‌షాపుల్లో దీన్ని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం అమరుస్తారు.

సామర్థ్యాన్ని కలిసి నడిచే యంత్రాలే తేల్చాలి. కోడ్ పట్టికలో 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మోటారుకు 5 హార్స్‌పవరైతే 28, మూడైతే 17, రెండైతే 12 ఆంపియర్లు. అన్నిటికన్నా పెద్ద మోటారును 125 శాతంగా లెక్కించాలి. 5 హార్స్‌పవర్ కంప్రెసర్, 3 హార్స్‌పవర్ రంపం కలిస్తే 52. దుమ్ము లాగే 2 హార్స్‌పవర్ యంత్రం చేరితే 64. లైట్లు కలపకముందే 60 ఆంపియర్ల ఫీడర్ చాలదు. 100 పెట్టుకోవడమే తెలివి. దూరం ఎక్కువైతే వోల్టేజి పడిపోకుండా తీగ లావు పెంచాలి.

అసలు పొరపాట్లు జరిగేది ఎర్తింగులో. 2008 కోడ్ నుంచి కొత్త ఫీడర్‌కు నాలుగు తీగలు తప్పనిసరి: రెండు ఫేజులు, న్యూట్రల్, ఎర్తు. సబ్‌ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్తు బార్లు విడిగా ఉండాలి. వాటిని కలిపే ఆకుపచ్చ స్క్రూ బిగించకూడదు. బిగిస్తే న్యూట్రల్ కరెంటు ఎర్తు తీగలోకీ, పెట్టె లోహంలోకీ పాకుతుంది.

వర్క్‌షాపు దగ్గర 8 అడుగుల ఎర్తు రాడ్ కూడా పాతాలి. నిరోధం 25 ఓములు దాటితే కనీసం 6 అడుగుల ఎడంలో రెండోది కావాలి. రాడ్ ఉందిగా, ఎర్తు తీగ ఎందుకని కొందరి వాదన. 120 వోల్టులు 25 ఓముల గుండా పంపే కరెంటు 4.8 ఆంపియర్లే, దానికి 20 ఆంపియర్ల బ్రేకర్ పడిపోదు.