కదలికల వైద్యానికి గుర్తింపు: దక్షిణ తెలంగాణ మెట్ట నేపథ్యం

తెలుగు పల్లెల్లో విరిగిన ఎముకకు కట్టు కట్టడం, బెణికిన కీలును సరిచేయడం తరతరాలుగా కుటుంబ విద్యగానే సాగింది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు అందుకు సుప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ వైద్యునికి అర్హత వంశం, కోలుకున్నవారి మాట. ప్రభుత్వ పట్టాతో వైద్యం చేసే పద్ధతి నిజాం రాజ్యంలో 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల స్థాపనతో వేళ్లూనుకున్నప్పటికీ, అది ప్రధానంగా మందులకూ శస్త్రచికిత్సకూ సంబంధించినది కాగా, దేహపు కదలికలను చక్కదిద్దే పని దాని అంచుననే మిగిలింది.

ఆ పని అత్యవసరమైన నేల నల్లగొండ. గ్రానైటు పొరల నుంచి భూగర్భ జలాల్లోకి చేరే ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారి ఎముకల్లో పేరుకొని, వెన్నును బిగదీసి, కీళ్లను కదలనీయకుండా చేస్తుంది. దీనినే అస్థి ఫ్లోరోసిస్ అంటారు. ఈ జిల్లా బాధితుల స్థితిని సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించగా, నీటి శుద్ధికి పటిక, సున్నం వాడే పద్ధతికి తరువాత ఈ జిల్లా పేరే స్థిరపడింది. పొరుగున పాలమూరు కూలీలు దేశమంతటా జలాశయాలకు మట్టి మోసి, ఆ బరువును నడుములపైనా మోకాళ్లపైనా భరించారు. ఈ రెండు జిల్లాల దేహాలకు మందుకన్నా ముందు కావలసినది కదలికను తిరిగి నేర్పే చేయి.

ఆ చేతికి శిక్షణనిచ్చే ఫిజియోథెరపీ విద్య దేశంలో 1950ల తొలినాళ్లలో బొంబాయిలో మొదలైంది. కండరాలు, కీళ్లు, ఎముకలు కలిసి దేహాన్ని కదిలించే తీరును పరిశీలించే కినీసియాలజీ ఇందులో మూల పాఠ్యాంశం. పట్టాకు నాలుగేళ్ల చదువు, ఆపై ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చాలాకాలం రివాజుగా ఉండేది. అయితే చదువు వేరు, చట్టం ఇచ్చే గుర్తింపు వేరు. నర్సులకు 1947లో, ఫార్మసిస్టులకూ దంతవైద్యులకూ 1948లో జాతీయ చట్టాలు రాగా, ఫిజియోథెరపిస్టులకు ఆ భాగ్యం ఏడు దశాబ్దాలు ఆలస్యంగా లభించింది. ఇంత జాప్యానికి సమర్థన కానరాదు. ఢిల్లీ 1997లో, మహారాష్ట్ర 2002లో సొంత చట్టాలు చేసుకున్నాయి. చివరకు 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని పేర్కొని, జాతీయ కమిషన్‌ను, రాష్ట్ర మండళ్లను, అర్హుల పేర్లు నమోదయ్యే రిజిస్టర్లను ఏర్పరచింది. వంశవిద్యతో కట్టు కట్టే వైద్యులకు మాత్రం ఆ రిజిస్టర్లలో చోటు లేదు.